చిల్లకంప ముల్లు నుంచి సీబీపీ రిపోర్టు దాకా: తెల్ల రక్తకణాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో ఒక చిన్న ల్యాబులో రక్తపరీక్షలు చేయడం నా పని. సీబీపీ, అంటే రక్తకణాల లెక్క, రిపోర్టు చేతికివ్వగానే జనం ముందు ప్లేట్‌లెట్లు చూస్తారు, ఆ వెంటనే తెల్లకణాల కౌంటు. పక్కన బాణం గుర్తు పైకి ఉంటే టెన్షన్, కిందికి ఉంటే ఇంకా టెన్షన్. కౌంటర్ దగ్గర నిలబడి చెప్పడానికి టైము చాలని సంగతులు ఇక్కడ రాస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్పుకుందాం. రిపోర్టులోని కౌంటు రక్తనాళాల్లో దారిన పోతూ మాకు చిక్కిన కణాల లెక్క. వాటి అసలు పని రక్తం బయట, చర్మం కింద, కండలో, ఊపిరితిత్తుల్లో జరుగుతుంది. అది ఆ అంకెలో కనపడదు. ఇక మందుల సంగతంటారా, అది మీ డాక్టరుగారి పని.

రిపోర్టులో ఐదు పేర్లున్నాయి. అవన్నీ తెల్లకణాలేనా?

అవును. రక్తపు బొట్టును గాజుపలక మీద పలచగా లాగి, ఆరబెట్టి, లీష్మన్ రంగు పోసి కడుగుతాం. పైన చుక్క నూనె వేసి మైక్రోస్కోపులో చూస్తే లేత గులాబీ రంగు ఎర్రకణాలు గుంపులు గుంపులుగా కనపడతాయి. వాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి ఊదారంగు కేంద్రకంతో తెల్లకణాలు ఉంటాయి. ఘనపు మిల్లీమీటరు రక్తంలో ఎర్రకణాలు 50 లక్షల దాకా ఉంటే, పెద్దవాళ్లలో తెల్లకణాలు 4,000 నుంచి 11,000 మాత్రమే.

కేంద్రకం మూడు నాలుగు తునకలై, తునకకూ తునకకూ మధ్య సన్నటి పోగు ఉంటే అది న్యూట్రోఫిల్. నూటికి 40 నుంచి 75 దాకా ఇవే. కేంద్రకం రెండు తునకలై, చుట్టూ నారింజ ఎరుపు రేణువులు కిక్కిరిసి ఉంటే ఈసినోఫిల్, 1 నుంచి 6 శాతం. లింఫోసైట్ చిన్నగా గుండ్రంగా ఉంటుంది, దాదాపు అంతా కేంద్రకమే, 20 నుంచి 40 శాతం. మోనోసైట్ అన్నిటికన్నా పెద్దది, కేంద్రకం ఒకపక్క నొక్కుకుపోయి ఉంటుంది, 2 నుంచి 10 శాతం. ముదురు నీలం రేణువుల బేసోఫిల్ వంద కణాలు లెక్కపెడితే ఒకటి దొరకడమే గొప్ప. ల్యాబును బట్టి ఈ హద్దులు కాస్త అటూ ఇటూ అవుతాయి. అందుకే మీ రిపోర్టులో పక్కన అచ్చువేసిన హద్దులనే చూసుకోండి.

పుట్టుకతో వచ్చే రక్షణ అంటే ఏంటి? టీకాతో వచ్చేది వేరేనా?

వేరే. టీకాతో వచ్చేది లింఫోసైట్ల పని. ఫలానా క్రిమిని గుర్తుపెట్టుకుని, దానికి తగ్గ యాంటీబాడీలు తయారుచేసి, మళ్లీ వస్తే వెంటనే పట్టుకోవడం. మొదటిసారి వచ్చిన క్రిమి మీద ఆ ఏర్పాటు సిద్ధం కావడానికి వారం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఈలోపు క్రిములు ఊరికే కూర్చోవు కదా, కొన్ని బ్యాక్టీరియాలు అరగంటకోసారి రెట్టింపవుతాయి. ఆ మధ్య కాలమంతా కాపాడేది పుట్టుకతో వచ్చిన రక్షణ. చర్మం, కన్నీళ్లు, కడుపులోని ఆమ్లం, రక్తంలోని కాంప్లిమెంట్ ప్రోటీన్లు, వాటితోపాటు న్యూట్రోఫిల్స్, మాక్రోఫేజ్‌లు, ఈసినోఫిల్స్, మాస్ట్ కణాలు, డెండ్రైటిక్ కణాలు, ఎన్‌కే (నేచురల్ కిల్లర్) కణాలు. చాలా చిన్నా చితకా ఇన్ఫెక్షన్లు వీటితోనే సరి. మనకు తెలియను కూడా తెలియదు.

కాల్లో ముల్లు దిగితే లోపల అసలేం జరుగుతుంది?

మన వైపు చెరువు కట్టల మీద, బీళ్లలో ఎక్కడ చూసినా చిల్లకంపే కాబట్టి ఈ ప్రశ్నకు కాస్త వివరంగానే చెప్తాను.

ముల్లు చర్మాన్ని చీల్చుకుని వెళ్తూ దాని మీదున్న మట్టినీ బ్యాక్టీరియానూ లోపలికి తీసుకెళ్తుంది. చర్మం కింద ముందునుంచీ కాపురం ఉండే కణాలు రెండు రకాలు: మాస్ట్ కణాలు, మాక్రోఫేజ్‌లు. ఇవి రక్తంలో తిరగవు, అందుకే సీబీపీలో కనపడవు. దెబ్బతిన్న కణాల నుంచి కారిన పదార్థాలు, క్రిముల పైపొరల తునకలు తగలగానే మాస్ట్ కణాలు హిస్టమిన్ వదులుతాయి. చుట్టుపక్కల సన్నటి రక్తనాళాలు వెడల్పవుతాయి, గోడలు వదులై నీరు బయటికి ఊరుతుంది. ముల్లు దిగిన చోట ఎరుపు, వేడి, వాపు, సలుపు మొదలయ్యేది ఇందుకే. ఇదంతా నిమిషాల్లో అయిపోతుంది.

మాక్రోఫేజ్‌లు దొరికిన క్రిమిని దొరికినట్టు మింగుతూనే సైటోకైన్లు అనే సంకేతాలు వదులుతాయి. ఆ సంకేతాలకు రక్తనాళం లోపలి గోడ జిగురెక్కుతుంది. రక్తంలో వేగంగా కొట్టుకుపోతున్న న్యూట్రోఫిల్ అక్కడికొచ్చేసరికి గోడకు తగిలి, పట్టు దొరికీ దొరక్క దొర్లుతూ, నెమ్మదిస్తూ, చివరికి గట్టిగా అతుక్కుని ఆగుతుంది. తర్వాత రక్తనాళపు గోడలో రెండు కణాల మధ్య సందులోంచి తన ఒళ్లంతా సాగదీసుకుని బయటపడుతుంది. కేంద్రకం తునకలు తునకలుగా ఉండటం అంత ఇరుకు సందులో దూరడానికి కలిసొస్తుంది. బయటికి వచ్చాక సంకేతం ఎటు చిక్కగా ఉంటే అటు పాకుతుంది. ముందు చేరుకున్నవి తామూ ఒక రసాయనం వదిలి వెనకవాటిని పిలుస్తాయి. బెల్లం ముక్క దొరికిన చీమ దారి పొడవునా వాసన వదిలి మిగతా చీమలను రప్పించినట్టే ఇదీ. గంటల్లో ఆ చోటు న్యూట్రోఫిల్స్‌తో నిండిపోతుంది.

ఒకటి రెండు రోజులకు మోనోసైట్లు వస్తాయి. రక్తం దాటి బయటికొచ్చాక అవే మాక్రోఫేజ్‌లుగా మారతాయి. పని ముగించి చచ్చిన న్యూట్రోఫిల్స్‌నూ చెత్తనూ మింగి శుభ్రం చేసి, పుండు మానడానికి దారి చేస్తాయి. ఇంకోపక్క డెండ్రైటిక్ కణాలు క్రిమి తునకలను పట్టుకుని దగ్గరలోని లింఫు గ్రంథులకు వెళ్లి లింఫోసైట్లకు చూపిస్తాయి. పాదంలో ముల్లు దిగితే గజ్జల్లో బిళ్ల కట్టడం చూసే ఉంటారు. జరుగుతున్నది అదే.

ముల్లు తీసేశాక సబ్బు నీళ్లతో బాగా కడగండి. పసుపు, కాఫీపొడి, సున్నం పూయొద్దు. టీటీ సూది వేసుకుని ఐదేళ్లు, పదేళ్లు దాటితే డాక్టరును అడగండి. ధనుర్వాతం తెచ్చే విషం చాలా కొద్ది మోతాదులోనే నరాలను పట్టేస్తుంది. ఇప్పటిదాకా చెప్పిన కణాలేవీ దాన్ని ఆపలేవు, ఆపగలిగేది టీకా ఇచ్చిన యాంటీబాడీలే.

లోపలికొచ్చింది క్రిమి అని ఈ కణాలకు ఎలా తెలుస్తుంది?

ఒక్కో క్రిమిని విడివిడిగా గుర్తుపట్టవు. క్రిముల్లో మాత్రమే ఉండి మన కణాల్లో లేని పదార్థాలను గుర్తుపడతాయి. కొన్ని బ్యాక్టీరియాల పైపొరలో ఉండే లైపోపాలీశాకరైడ్, బూజుల గోడలోని బీటా గ్లూకాన్, కొన్ని వైరస్‌లలోని రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ అలాంటివి. వాటిని పట్టుకునే గ్రాహకాల్లో బాగా పేరున్నవి టోల్ తరహా గ్రాహకాలు. టోల్ అనే జన్యువు లేని పండ్ల ఈగలు బూజు పట్టి చచ్చిపోతున్నాయని 1996లో ఫ్రాన్స్‌లో జూల్స్ హాఫ్‌మన్ బృందం చూసింది. 1998లో అమెరికాలో బ్రూస్ బాయిట్లర్ ఎలుకల్లో దాని చుట్టాన్నే కనిపెట్టారు. ఈ ఇద్దరికీ, డెండ్రైటిక్ కణాలను కనుగొన్న రాల్ఫ్ స్టైన్‌మన్‌కూ కలిపి 2011లో నోబెల్ ఇచ్చారు. స్టైన్‌మన్ ప్రకటనకు మూడు రోజుల ముందే కన్నుమూశారు. కమిటీకి ఆ సంగతి తెలియదు, తెలిశాక కూడా బహుమతిని అలాగే ఉంచారు.

ఈగకూ మనిషికీ ఒకే తరహా ఏర్పాటు ఉందంటే అది ఎంత పాతదో ఊహించుకోండి.

న్యూట్రోఫిల్ క్రిమిని ఎలా చంపుతుంది?

మూడు రకాలుగా. మొదటిది మింగడం. క్రిమి చుట్టూ తన పొరను చాచి సంచిలా కట్టేసి లోపలికి లాక్కుంటుంది. క్రిమి మీద కాంప్లిమెంట్ ప్రోటీన్ గానీ యాంటీబాడీ గానీ అప్పటికే అతుక్కుని ఉంటే పట్టు సులువుగా దొరుకుతుంది. ఆ తర్వాత తన రేణువుల్లోని ఎంజైములను ఆ సంచిలోకి వదులుతుంది. అదే సమయంలో ఆక్సిజన్‌ను ఉన్నట్టుండి ఎక్కువగా వాడుకుని సూపరాక్సైడ్, దాన్నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారుచేస్తుంది. మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము దానికి ఉప్పులోని క్లోరైడును కలిపి హైపోక్లోరస్ ఆమ్లం చేస్తుంది. మున్సిపాలిటీ నీళ్లలో క్లోరిన్ కలిపితే క్రిములను చంపేది కూడా ఈ హైపోక్లోరస్ ఆమ్లమే.

ఈ ఆక్సిజన్ పని ఎంత ముఖ్యమో అది లేనివాళ్లను చూస్తే తెలుస్తుంది. క్రానిక్ గ్రాన్యులోమేటస్ డిసీజ్ అని పుట్టుకతో వచ్చే అరుదైన జబ్బు ఉంది. ఆ పిల్లల్లో న్యూట్రోఫిల్స్ కౌంటు తక్కువేం కాదు. క్రిమిని మింగుతాయి కూడా. కానీ సూపరాక్సైడ్ తయారు కాదు కాబట్టి కొన్ని రకాల క్రిములను చంపలేవు. గడ్డ మీద గడ్డ వస్తుంది. అంకె చూసి అంతా బాగుందనుకుంటే ఎంత పొరపాటో ఇక్కడ తెలుస్తుంది.

రెండోది, మింగడానికి వీల్లేకపోతే రేణువులను బయటికే వదలడం. మూడోది 2004లో బయటపడింది. కొన్ని న్యూట్రోఫిల్స్ తమ డీఎన్‌ఏనే విప్పి, విషపు ప్రోటీన్లు పూసిన వలగా బయటికి విసురుతాయి. క్రిములు అందులో చిక్కుకుంటాయి. చాలాసార్లు ఆ కణం కూడా చనిపోతుంది.

ఎలాగూ దాని ఆయుష్షు తక్కువే, రక్తంలో ఉండేది గంటల లెక్క. అందుకే ఎముక మజ్జ రోజుకు దాదాపు 10,000 కోట్ల న్యూట్రోఫిల్స్ తయారుచేస్తుంది.

చీము అంటే చెడు రక్తమా? పిండేయొచ్చా?

చెడు రక్తం అనేదేమీ లేదు. చీమంటే ఎక్కువగా చచ్చిన న్యూట్రోఫిల్స్, వాటితోపాటు చచ్చిన, బతికున్న క్రిములు, కరిగిన కణజాలం. పచ్చటి రంగు పైన చెప్పిన మైలోపెరాక్సిడేజ్‌ది. పిండొద్దు. లోపలి గోడ పగిలి ఇన్ఫెక్షన్ పక్కలకు పాకుతుంది. ముక్కు, పై పెదవి చుట్టుపక్కల సెగ్గడ్డ అయితే మరీ జాగ్రత్త. గడ్డ పెద్దదైతే డాక్టరు కోసి తీయాల్సిందే. చీము గూడులోకి మందు సరిగా చేరదు కాబట్టి ఒట్టి మాత్రలతో తగ్గడం కష్టం.

ఇదంతా మొదట ఎవరు చూశారు?

చిత్రంగా అదీ ముల్లు కథే. ఇల్యా మెచ్నికోవ్ అనే రష్యన్ జంతుశాస్త్రవేత్త 1882లో ఇటలీలోని మెస్సినాలో ఉన్నాడు. సముద్రపు నక్షత్ర చేప పిల్లలు అద్దంలా పారదర్శకంగా ఉంటాయి, లోపలి కణాల కదలిక బయటికే కనపడుతుంది. తోటలోంచి గులాబీ ముళ్లు తెచ్చి ఒక పిల్లకు గుచ్చి, మర్నాడు పొద్దున్నే చూశాడు. ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. తెల్లకణాలు క్రిములను ఒంట్లో తిప్పి అంటిస్తాయని నమ్మే డాక్టర్లున్న కాలం అది. అవే మనల్ని కాపాడుతున్నాయని చెప్పి పాతికేళ్లు వాదించాల్సి వచ్చింది. రక్తంలోని ద్రవపదార్థాలే అసలు రక్షణ అన్నది అవతలి వర్గం వాదన. ఆ వర్గంలో ముఖ్యుడు పాల్ ఎర్లిష్. 1908లో నోబెల్ కమిటీ ఇద్దరికీ కలిపి బహుమతి ఇచ్చేసింది. తెల్లకణాలకు రంగులు వేసి రకాలుగా విడదీసే పద్ధతి తెచ్చింది కూడా ఎర్లిషే. మేం రోజూ చేసే పనికి ఆద్యుడు.

జ్వరం వస్తే వెంటనే తగ్గించాలా?

జ్వరం తెచ్చేది మన కణాలే. మాక్రోఫేజ్‌లు వదిలే ఇంటర్‌ల్యూకిన్ 1, ఇంటర్‌ల్యూకిన్ 6, టీఎన్‌ఎఫ్ అనే సంకేతాలు మెదడులోని హైపోథాలమస్ దాకా కబురు తీసుకెళ్తాయి. అక్కడ ప్రోస్టాగ్లాండిన్ పెరిగి ఒంటి వేడి హద్దు పైకి జరుగుతుంది. అందుకే జ్వరం ఎక్కేటప్పుడు చలి, వణుకు. అదే ఇంటర్‌ల్యూకిన్ 6 కాలేయానికి చేరితే సీఆర్‌పీ అనే ప్రోటీన్ తయారవుతుంది. డాక్టర్లు సీబీపీతోపాటు సీఆర్‌పీ రాసేది ఇందుకే.

ఒళ్లునొప్పులతో బాధగా ఉంటే పారాసెటమాల్ వేసుకోండి, తప్పు లేదు. 99 ఉందని పరుగులు పెట్టక్కర్లేదు. మూడు రోజులు దాటినా, ఊపిరాడకపోయినా, మనిషి మగతగా ఉన్నా ఇంట్లో ఉండకండి. మూడు నెలల లోపు పసిబిడ్డకు జ్వరం వస్తే గంట కూడా ఆగొద్దు.

కౌంటు 14,000 వచ్చింది. యాంటీబయాటిక్ వేసుకోవాల్సిందేనా సార్?

రోజుకు పదిమంది అడిగే ప్రశ్న. ఒక్క అంకె చూసి చెప్పలేం.

రక్తనాళాల్లోని న్యూట్రోఫిల్స్‌లో దాదాపు సగం గోడలకు అంటుకుని ఉంటాయి, మా సూదికి చిక్కవు. పరుగెత్తినా, భయపడినా, బాగా నొప్పి ఉన్నా అడ్రినలిన్ వల్ల అవి గోడ వదిలి రక్తంలోకి వస్తాయి. కౌంటు నిమిషాల్లో పెరుగుతుంది. గర్భిణుల్లో మామూలుగానే ఎక్కువ. సిగరెట్ తాగేవాళ్లలోనూ అంతే. కాలినా, గుండెపోటు వచ్చినా, ఆపరేషన్ అయినా పెరుగుతుంది.

ఇంకోటి, మన దగ్గర బాగా చూసేది. జ్వరం రాగానే ఊళ్లో సూది వేయించుకుని, తగ్గకపోతే మూడో రోజు మా దగ్గరికొస్తారు. ఆ సూదిలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఉంటే న్యూట్రోఫిల్స్ పెరిగి, ఈసినోఫిల్స్ సున్నాకు పడిపోయి ఉంటాయి. చూసినవాళ్లు పెద్ద ఇన్ఫెక్షన్ అనుకుంటారు. ఏం సూది వేశారంటే చీటీ ఉండదు, పేరు తెలియదు. దయచేసి ఏ సూది వేసుకున్నా పేరు రాయించుకోండి.

తిరగేసి చూసినా అంతే. టైఫాయిడ్‌లో కౌంటు మామూలుగానో, ఇంకా తక్కువగానో ఉంటుంది. వయసు మళ్లినవాళ్లలో రక్తమంతా ఇన్ఫెక్షన్ పాకినా కౌంటు పెరక్కపోవచ్చు. బాగా జబ్బుగా ఉన్న మనిషికి 2,000 రావడం 14,000 కన్నా భయపడాల్సిన విషయం. మజ్జలోని నిల్వ అయిపోతోందని దాని అర్థం కావచ్చు. అందుకే స్లైడు మీద కేంద్రకం ఇంకా తునకలు కాని లేత న్యూట్రోఫిల్స్ ఎక్కువగా ఉన్నాయా అని చూస్తాం. ఉంటే మజ్జ తొందరపడి పచ్చివాటినే పంపుతోందన్నమాట. మిషన్ ఇచ్చిన అంకెకన్నా నాకు ఈ సంగతి మీదే నమ్మకం ఎక్కువ. రిపోర్టు కింద రెండు లైన్లలో రాసే ఈ వివరాన్ని చాలామంది చదవరు.

డెంగీ అన్నారు, కౌంటు 2,800కు పడిపోయింది. ప్రమాదమా?

డెంగీలో అది మామూలే. మజ్జ పని వైరస్ వల్ల కొన్నాళ్లు మందగిస్తుంది. సాధారణంగా తెల్లకణాలు ముందు పడతాయి, ముందే కోలుకుంటాయి. ప్లేట్‌లెట్లు వెనక నుంచి వస్తాయి. కౌంటు పైకి లేవడం మొదలైందంటే మంచి కబురే. కాకపోతే జ్వరం తగ్గిన ఆ ఒకటి రెండు రోజులే జాగ్రత్తగా ఉండాల్సినవి. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, వీటిలో ఏది కనపడినా ఆసుపత్రికి వెళ్లండి. నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు.

నాకు ఇస్నోఫీలియా ఉంది. మానేదేనా?

అది జబ్బు పేరు కాదు, ఈసినోఫిల్స్ పెరిగాయన్న కబురు. ఎందుకు పెరిగాయో వెతకాలి. ముందు శాతం వదిలేసి అసలు సంఖ్య చూడండి. మొత్తం 8,000లో 10 శాతమంటే 800. ఇది 500 దాటితే ఎక్కువ కింద లెక్క.

ఈసినోఫిల్ పుట్టింది పెద్ద ప్రాణుల కోసం. నులిపురుగులూ కొంకిపురుగులూ న్యూట్రోఫిల్ మింగగలిగే సైజువి కావు. ఈసినోఫిల్స్ వాటి ఒంటికి అతుక్కుని తమ రేణువుల్లోని ప్రోటీన్లను వాటి మీద వదులుతాయి. అవే ప్రోటీన్లు ఊపిరితిత్తుల లోపలి పొరను కూడా పాడుచేస్తాయి. ఆస్తమా, ఎలర్జీ ఉన్నవాళ్లలో జరిగే నష్టంలో కొంత ఇదే.

వాళ్లూ వీళ్లూ అందరూ వాడుతున్నారని సెట్రిజిన్ అనే ఎలర్జీ మాత్ర నెలల తరబడి మింగకండి. చెప్పుల్లేకుండా పొలంలో తిరిగేవాళ్లకు కొంకిపురుగులు ఉండొచ్చు, మలపరీక్ష చేయిస్తే సరి. రాత్రిళ్లు ఆగని దగ్గు, పిల్లికూతలు, ఈసినోఫిల్స్ 3,000 దాటి ఉంటే డాక్టర్లు ట్రాపికల్ పల్మనరీ ఈసినోఫీలియాను అనుమానిస్తారు. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు పిల్లల మీద ఊపిరితిత్తుల్లో మన కణాలు చేసే అతి వల్ల వచ్చేదది. రక్తంలో వెతికితే క్రిమి దొరకదు. దానికి వాడే డైఇథైల్‌కార్బమజైన్ 1947లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధనల్లోంచి వచ్చింది. హెట్రజాన్ అంటే పెద్దవాళ్లకు గుర్తుంటుంది. ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరిగి మింగించే బోదకాలు మాత్రల్లో ఉండేది ఇదే.

రొయ్యలకు కూడా తెల్లకణాలు ఉంటాయా?

రొయ్యల గుంటలున్నవాళ్లు సరదాకి అడుగుతారు గానీ, మంచి ప్రశ్న. ఉంటాయి. హీమోసైట్లు అంటారు. రొయ్యకు ఉన్నదల్లా పుట్టుకతో వచ్చిన రక్షణే. మనకున్నట్టు లింఫోసైట్లు, యాంటీబాడీలు లేవు. మనకు వేసే తరహా టీకాలు రొయ్యకు కుదరకపోవడానికి ముఖ్య కారణం అదే.

హీమోసైట్లు క్రిమిని మింగుతాయి, పెద్దదైతే చుట్టూ పొరలు పొరలుగా కమ్మేస్తాయి. ఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైముతో దాని చుట్టూ నల్లటి మెలనిన్ పేరుస్తాయి. పెంకు మీద దెబ్బ తగిలిన చోట నల్లమచ్చ కనపడుతుంది చూడండి, అదే ఇది. మేతలో కలిపే బీటా గ్లూకాన్ పొడులు కూడా ఈ లెక్కతో వచ్చినవే. బూజు గోడలోని ఆ పదార్థం తగలగానే హీమోసైట్లు మేలుకుంటాయని.

అంతమాత్రాన అన్నిటినీ ఆపగలవని కాదు. 1994 చివరి నుంచి 1995లో తూర్పు తీరమంతా వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు కొట్టినప్పుడు నెల్లూరు జిల్లా గుంటలు ఎలా తుడిచిపెట్టుకుపోయాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. అది వైరస్, యాంటీబయాటిక్‌కు లొంగదు. పైగా నిషేధించిన యాంటీబయాటిక్ ఆనవాలు దొరికితే ఎగుమతి సరుకు వెనక్కొస్తుంది. పరీక్ష చేసిన రొయ్యపిల్ల, శుభ్రమైన నీళ్లు, ఇవే దారి.

మరి గేదె పొదుగువాపు?

అదీ న్యూట్రోఫిల్స్ పనే. పొదుగులోకి బ్యాక్టీరియా చేరగానే అవి రక్తంలోంచి పాలలోకి దిగుతాయి. పాలు పెళ్లలుగా రావడంలో వాటి వాటా పెద్దది. పాలలోని కణాలు లెక్కపెట్టి, పైకి కనపడని పొదుగువాపును కూడా పట్టేస్తారు.

పలుగురాయి క్వారీలో పనిచేస్తాను. దగ్గు తగ్గడం లేదు, కౌంటు మాత్రం బాగానే ఉంది.

కౌంటు చూసి ఊరుకోవద్దు, ఛాతీ ఎక్స్‌రే తీయించండి. సైదాపురం వైపు పలుగురాయి తవ్వేవాళ్లు, మార్కాపురం పలకల పనివాళ్లు, రాయి కోసేవాళ్లు, బావులు తవ్వేవాళ్లు ఎవరైనా సరే.

ఊపిరితిత్తుల గాలిగదుల్లో మాక్రోఫేజ్‌లు ఉంటాయి. పీల్చిన దుమ్మునూ క్రిములనూ మింగి శుభ్రం చేయడం వాటి పని. బ్యాక్టీరియా అయితే కరుగుతుంది. సిలికా రేణువు కరగదు. మింగిన సంచి దాని వల్ల చిరిగి ఎంజైములు కణంలోకే కారుతాయి. మాక్రోఫేజ్ మంట సంకేతాలు వదులుతూ చచ్చిపోతుంది. రేణువు మళ్లీ బయటపడుతుంది. ఇంకో మాక్రోఫేజ్ వచ్చి దాన్నే మింగుతుంది. అది కూడా పోతుంది. ఇలా ఏళ్ల తరబడి జరిగి, ఆ చోట పీచులాంటి మచ్చ కట్టి ఊపిరితిత్తి గట్టిపడుతుంది. పని మానేసినా లోపలున్న రేణువులు అలాగే ఉంటాయి కాబట్టి జబ్బు ముదరొచ్చు. దీన్నే సిలికోసిస్ అంటారు. వెనక్కి తిప్పే మందు లేదు. మాక్రోఫేజ్‌లు దెబ్బతిన్న ఆ ఊపిరితిత్తుల్లో టీబీ కూడా సులువుగా చేరుతుంది. టీబీ క్రిమి అసలు మాక్రోఫేజ్ లోపలే దాక్కుని బతికే రకం.

నీళ్లు చల్లుతూ కోయడం, డ్రిల్ చేయడం చాలా తేడా తెస్తుంది. ముఖానికి తువ్వాలు కట్టుకుంటే ఆ సన్నటి దుమ్ము ఆగదు. ఎన్95 మాస్కు అడగండి. అది యజమాని ఇవ్వాల్సింది, మీరు బతిమాలాల్సింది కాదు.

షుగర్ ఉన్నవాళ్లకు పుండ్లు ఎందుకు మానవు?

షుగర్ అదుపు తప్పితే న్యూట్రోఫిల్స్ ఉన్నా చురుకు తగ్గుతుంది. దెబ్బ తగిలిన చోటికి చేరడం, మింగడం, చంపడం, మూడూ మందగిస్తాయి. దానికి తోడు నరాలు మొద్దుబారి ముల్లు దిగిన సంగతే తెలియదు, రక్తప్రసరణ తక్కువై కణాలు అక్కడికి చేరవు. 2021లో కోవిడ్ రెండో వేవ్ తర్వాత బ్లాక్ ఫంగస్ ఎక్కువగా ఎవరికొచ్చిందో గుర్తుందా? అదుపులో లేని షుగర్, పైన స్టెరాయిడ్లు. ఆ బూజును మామూలుగా అణిచిపెట్టేది న్యూట్రోఫిల్స్, మాక్రోఫేజ్‌లే. పొలంలోకి, గుంట గట్టు మీదికి చెప్పుల్లేకుండా వెళ్లకండి. రాత్రి పడుకునే ముందు అరికాళ్లు చూసుకోండి, వంగలేకపోతే ఇంట్లోవాళ్లను చూడమనండి.

ఎన్‌కే కణాలు రిపోర్టులో లేవేం?

ఉన్నాయి, లింఫోసైట్ల లెక్కలో కలిసిపోయాయి. వైరస్ చేరిన కణాలనూ కేన్సర్ కణాలనూ చంపే ఈ రకాన్ని 1975లో గుర్తించారు. ఒంట్లోని కణాలు తమ పైన ఎంహెచ్‌సీ అనే గుర్తు పెట్టుకుంటాయి. కొన్ని వైరస్‌లు దొరక్కుండా ఉండాలని ఆ గుర్తును మాయం చేస్తాయి. గుర్తు లేని కణాన్నే ఎన్‌కే కణం చంపేస్తుంది.

ఇమ్యూనిటీ పెరగాలంటే ఏం తినాలి?

2021 మేలో కృష్ణపట్నంలో కోవిడ్‌కని పంచిన ఆకుల మందు కోసం పక్క రాష్ట్రాల నుంచి కూడా జనం బారులు తీరారు. అంత భయంలో ఉన్నవాళ్లను నేను తప్పుపట్టను. కానీ ఇమ్యూనిటీ అనేది ఒక్కటిగా పెంచుకునే వస్తువు కాదు. అతిగా పెరిగితే ఆస్తమా, కీళ్లవాతం లాంటివి వస్తాయి. కోవిడ్ ముదిరి ఆక్సిజన్ పెట్టిన రోగుల ప్రాణం కాపాడిందని 2020లో పెద్ద పరీక్షలో తేలిన మందు డెక్సామెథసోన్, అంటే మన కణాల అతిని తగ్గించేది. అదే మందు ఆక్సిజన్ అక్కర్లేనివాళ్లకు మేలు చేయలేదు.

తిండి చాలకపోతే రక్షణ తగ్గుతుంది, అది నిజం. ప్రోటీన్, జింకు, విటమిన్ ఏ తక్కువైన పిల్లలకు ఇన్ఫెక్షన్లు ఎక్కువ. అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, చేపల పులుసు సరిగ్గా తినేవాళ్లకు డబ్బాల్లో అమ్మే పొడులు అదనంగా చేసేదేమీ లేదు. ఆ డబ్బుతో దోమతెర కొనుక్కోవచ్చు. కషాయం ఇష్టమైతే తాగండి, మందు మానేసి మాత్రం తాగొద్దు.

మూడేళ్ల పాపకు లింఫోసైట్లు 55 శాతం. రక్త కేన్సరా?

కాదమ్మా. నాలుగైదేళ్ల వయసు దాకా పిల్లల్లో న్యూట్రోఫిల్స్ కన్నా లింఫోసైట్లే ఎక్కువ ఉంటాయి. కొన్ని రిపోర్టుల్లో పెద్దవాళ్ల హద్దులే అచ్చువేస్తారు, అందుకే బాణం గుర్తు వస్తుంది.

కీమో జరుగుతోంది. జ్వరం 101. పొద్దున దాకా ఆగొచ్చా?

ఆగొద్దు, ఇప్పుడే బయల్దేరండి. న్యూట్రోఫిల్స్ 500 కన్నా తగ్గితే లోపల ఇన్ఫెక్షన్ ఉన్నా చీము పట్టదు, వాపు కనపడదు. జ్వరం ఒక్కటే ఆనవాలు. మీకు కీమో ఇస్తున్న ఆసుపత్రికి ఫోన్ చేసి, దారిలో ఉన్నామని చెప్పండి.

సీబీపీకి పరగడుపున రావాలా?

అక్కర్లేదు. తినేసి రండి, నీళ్లు తాగి రండి. మేడమెట్లెక్కి వచ్చి వెంటనే చెయ్యి చాచకుండా పది నిమిషాలు కూర్చోండి. వాడుతున్న మాత్రల చీటీ తెండి. పాత రిపోర్టు ఉంటే అదీ తెండి, నిన్నటి 9,000 తెలిస్తేనే ఇవాళ్టి 14,000కు అర్థం ఉంటుంది. వేరే ఊరి నుంచి రక్తం తీసి పంపేవాళ్లు ఊదారంగు మూత ట్యూబులో, గుర్తు దాకా నింపి, మెల్లగా తిప్పి, ఆరు గంటల లోపు చేర్చండి. ఆలస్యమైతే న్యూట్రోఫిల్స్ ట్యూబులోనే చెడిపోతాయి, స్లైడు చూసి ఏమీ చెప్పలేం.